కాగితం పీతలు, తాబేళ్లు, తిమింగలాలు: ఏళ్ల తరబడి పిల్లలతో చేశాక

ముందే చెప్పేస్తాను. ఇంట్లో నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలుంటే, కాగితంతో సముద్రపు జంతువులు చేయించడం దండగ పని కాదు. ఖర్చు తక్కువ, సెలవు రోజు మధ్యాహ్నం టీవీ పెట్టకుండా గడిచిపోతుంది. కాకపోతే వీడియోల్లో చూపించినంత నీటుగా ఏదీ రాదు. అలా వచ్చిందంటే సగం పైగా పెద్దవాళ్లే చేశారని అర్థం.

మాది విశాఖ. పెద్దాడు ఎల్‌కేజీలో ఉన్నప్పుడు మొదలుపెట్టాం. ఇప్పుడు వాడు రెండో తరగతి, చిన్నది యూకేజీ. పక్క ఫ్లాట్ పిల్లలు కూడా వచ్చి చేరతారు కాబట్టి రకరకాల చేతుల్లో ఈ బొమ్మలు ఏమవుతాయో చూస్తూనే ఉన్నాను.

అసలు సంగతంతా కాగితంలోనే ఉంది. షాపులో క్రాఫ్ట్ పేపర్ అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. ప్యాకెట్ మీద జీఎస్ఎం ఎంతో చూసుకోవాలి. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. జిరాక్స్ కాగితం 70 నుంచి 80 ఉంటుంది, మడతలకు అదే సుఖం. తాబేలు డిప్ప, పీత ఒళ్లు లాంటి నిలబడాల్సిన వాటికి 160 నుంచి 200 మధ్య ఉండాలి. అంతకు మించితే పిల్లల కత్తెరకు తెగదు. మేమైతే ఇంట్లో పోగుపడ్డ పెళ్లి శుభలేఖలు వాడేస్తాం. మందం సరిగ్గా ఉంటుంది, ఆ మెరుపు తాబేలు డిప్పకు భలే కుదురుతుంది. వినాయకుడి బొమ్మ మీద కత్తెర పడటానికి మా అత్తగారు ఒప్పుకోరు, ఆ భాగం ముందే తీసి పక్కన పెట్టేస్తారు.

మా ఇంట్లో ఎక్కువసార్లు తయారైంది ఆక్టోపస్. ఏ4 కాగితాన్ని అడ్డంగా సగానికి కోసి, ఒక ముక్కను పొడుగు వైపు సగానికి, మళ్లీ సగానికి, ఇంకోసారి సగానికి మడిచి విప్పితే సరిగ్గా ఎనిమిది పట్టీలు పడతాయి. పైన మూడో వంతు వదిలేసి ఏడు మడతల మీదా కత్తిరిస్తే ఎనిమిది చేతులు. గొట్టంలా చుట్టి అతికించి, చేతుల్ని పెన్సిల్‌కు చుట్టి వదిలితే వంకీలు తిరుగుతాయి. స్కేలు అక్కర్లేదు, గీతలు అక్కర్లేదు, మడతే గీత. ఐదేళ్ల పిల్ల సొంతంగా చేసేస్తుంది. దీనికి మూడు గుండెలుంటాయి, రక్తం నీలంగా ఉంటుంది అని చెప్పిన రోజు మా చిన్నది ప్రతి ఆక్టోపస్ మీదా మూడు లవ్ సింబల్స్ వేసింది. అన్నట్టు, వీడియోల్లో ఎప్పుడు చూసినా టాయిలెట్ పేపర్ గొట్టం తెచ్చుకోమంటారు. మన ఇళ్లలో అదెక్కడిది? చుట్టిన కాగితం చాలు.

పీత విషయంలో మార్కెట్లో దొరికే రెడీమేడ్ బొమ్మల్ని నమ్మొద్దు. చాలావాటికి ఆరు కాళ్లే ఉంటాయి. మా ఇంటికి పీతలు తెచ్చిన ఒక ఆదివారం మా అత్తగారు పెద్దాడిని సింక్ దగ్గరికి పిలిచి లెక్కపెట్టించారు.

"నానమ్మా, పదున్నాయి!"

"ముందు పట్టుకునేవి రెండు, నడిచేవి ఎనిమిది. ఇప్పుడు పో, నీ పీతకి సరిచేసుకో."

అప్పట్నుంచి మేం అరచేతుల పీతే చేస్తున్నాం. రెండు అరచేతుల్నీ కాగితం మీద పక్కపక్కన పెట్టి చుట్టూ గీస్తాం. బొటనవేళ్లు కళ్ల కాడలు, మిగతా ఎనిమిది వేళ్లూ కాళ్లు. ముందువి రెండూ విడిగా అతికించాలి. లెక్క చక్కగా సరిపోతుంది. ఏ ఏడు చేసినవి ఆ ఏడు దాచుకుంటే పిల్లల చేతులు ఎంత పెరిగాయో కూడా తెలుస్తుంది.

తిమింగలం ఆరేళ్లు దాటిన పిల్లలకే. చదరపు కాగితాన్ని మూలకు మూల మడిచి విప్పి, రెండు అంచుల్నీ నడిమి గీతకు తేవాలి, ముక్కు మడవాలి, మొత్తాన్ని సగం చేయాలి, తోక పైకి వంచాలి. ఇందులో నాకు నచ్చేది చివరి పని. తోక కొనను మడత మీద కొద్దిగా చీల్చి రెండు వైపులకూ పరిస్తే రెక్కలు అడ్డంగా విచ్చుకుంటాయి. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది, తిమింగలం తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఆడుతుంది. చేత్తో విప్పి చూశాక పిల్లలకు ఆ తేడా వేరే చెప్పక్కర్లేదు.

తాబేలుకు గుండ్రటి అట్టముక్క అంచున నాలుగు చోట్ల చీల్చి, ఒకదాని మీద ఒకటి జరిపి అతికిస్తే డిప్ప బోర్లించినట్టు లేస్తుంది. కాళ్లు మాత్రం చెరువు తాబేలు కాళ్లలా పొట్టిగా పెట్టకండి. సముద్రపు తాబేలుకు తెడ్లుంటాయి, ముందువి పొడవు. అది తలనూ తెడ్లనూ డిప్పలోకి లాక్కోలేదు కూడా. చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మా తీరానికి వచ్చి ఇసుకలో ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి పోతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ నెలల్లో మా ఇంట్లో తాబేళ్ల ఉత్పత్తి ఎక్కువ.

నాలుగేళ్ల లోపు వాళ్లకు జెల్లీఫిష్ ఇవ్వండి. ప్రసాదం పెట్టే కాగితం కప్పు బోర్లించి, లోపల క్రేప్ కాగితం పీలికలు అంటించడమే. వంకరైతే ఇంకా బాగుంటుంది. కానీ ఎరుపు క్రేప్ జోలికి పోవద్దు, జిగురు తడి తగిలితే రంగు కారి వేళ్లకూ గౌనుకూ పడుతుంది.

జిగురుకు స్టిక్ మేలు, తెల్ల జిగురైతే పల్చటి కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. అయినా డిప్పలకు తెల్ల జిగురే గట్టి. సీసా చేతికివ్వకుండా మూతలో కొంచెం పోసి అగ్గిపుల్ల ఇవ్వాలి. కత్తెరల్లో పూర్తి ప్లాస్టిక్‌వి వేస్టు, కాగితాన్ని నమిలేస్తాయి. మొండి మొనతో ఉన్న స్టీలుది తీసుకోవాలి. మా చిన్నది ఎడమచేతి వాటం. మామూలు కత్తెరను ఎడమ చేత్తో పడితే పై రేకు గీతను కప్పేస్తుంది, రేకులు ఒకదానికొకటి దూరం జరిగి కాగితం నలుగుతుంది. ఎడమచేతి కత్తెర కొన్నాక దాని ఏడుపు ఆగింది. బొమ్మలకు అంటించే, లోపలి గుడ్డు కదిలే ప్లాస్టిక్ కళ్లు మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో వద్దు, మింగేస్తారు. చమ్కీ పొడి ఎవరింట్లోనూ వద్దు, అది చాలావరకు ప్లాస్టిక్కే, ఏడాది తర్వాత కూడా మంచం మీద కనిపిస్తుంది.

ఆన్‌లైన్‌లో ఒక రెడీమేడ్ కిట్ కూడా తెప్పించాం. అన్నీ ముందే కోసి ఉన్నాయి, పిల్లలకు మిగిలింది స్టిక్కర్లు అంటించడమే. అరగంటలో అయిపోయింది, మర్నాటికి స్టిక్కర్లు లేచిపోయాయి. ఆ డబ్బుకు ఏడాది సరిపడా కాగితం వస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మా ఊరి ఉక్కపోతకు పల్చటి బొమ్మలు వారంలో మెత్తబడి వేలాడతాయి. ఎండ తగిలే గోడకు పెడితే చవక రంగులు వెలిసిపోతాయి. అన్నీ దాచడానికి చోటుండదు. పాతవి పారేయాలంటే పిల్లలు స్కూలుకెళ్లాకే, అదీ కవరు ముడేసి. చెత్తబుట్టలో పీత కాలు ఒక్కటి కనిపించినా ఇంట్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినట్టే. ఇప్పుడు పిల్లకు రెండు చొప్పున అట్టపెట్టెలో దాచుకోనిస్తున్నాం, ఏవి ఉంచాలో వాళ్లే తేల్చుకోవాలి. పెద్దాడు తిమింగలం, పీత ఉంచాడు. చిన్నదాని రెండూ ఆక్టోపస్‌లే.