పడవలో ఏడాది కాపురానికి రేవు: చెన్నై, పులికాట్, కొచ్చి, లంకావి

తెరచాప పడవ కొనుక్కుని ఏడాది పొడవునా అందులోనే ఉండాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది దాన్ని ఏ రేవులో కట్టాలన్న సంగతి. పడవ పొడవు, ఇంజను శక్తి ఆ తరువాతి లెక్కలు. ఉద్యోగ విరమణ తరువాత మేమిద్దరం ఈ ఆలోచన చేసినప్పుడు మా మనసులో ఉన్నది 34 అడుగుల పాత పడవ. అంత పడవకు నీటి అడుగున కీల్ (పడవ ఒరిగిపోకుండా అడుగున దిగి ఉండే బరువైన రెక్క) మీటరున్నర నుంచి మీటరు ముప్పావు దాకా ఉంటుంది కనుక, వేసవిలో పోటు తగ్గిన వేళ కూడా రెండు మీటర్ల లోతు నిలిచే చోటు కావాలి. ఒడ్డు నుంచి కరెంటు, మంచినీళ్లు, మురుగు తీసే ఏర్పాటు, రాత్రి పడవలో నిద్రించేందుకు అనుమతి, చెన్నైలోని ఇంటికి ఒక రాత్రి ప్రయాణంలో చేరగలిగే దూరం, ఊళ్లో లేనప్పుడు మోకులు చూసే మనిషి కూడా ఉండాలి. ఈ లెక్క పట్టుకుని తిరిగిన రేవుల అనుభవమే ఇది.

చెన్నైలో ఉంటున్నాం కనుక మొదటి చూపు సహజంగానే చెన్నై మీద పడింది. ఈ ఓడరేవు ప్రకృతి ఇచ్చినది కాదు, సూటిగా సాగే ఇసుక తీరంలో సముద్రంలోకి రాతిగోడలు కట్టి తెచ్చుకున్నది. 1875లో శంకుస్థాపన జరిగితే, కడుతూ ఉండగానే 1881 తుఫాను ఆ గోడలను చాలామేరకు కూల్చేసింది. 1911లో పుట్టిన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఈ రేవు లోపలే ఉంది. తెరచాప నేర్చుకోవడానికి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాయంకాలపు సముద్రపు గాలిలో చిన్న పడవలు నడపడానికి ఇంతకంటే మంచి చోటు నగరంలో లేదు. అయితే అక్కడి ఏర్పాటు పోటీ పడవలకు, శిక్షణకు తగినదే తప్ప కాపురానికి తగినది కాదు. వాణిజ్య ఓడరేవు అంటే సాయుధ భద్రత, కస్టమ్స్ వలయం ఉంటాయి. గ్యాస్ సిలిండరు తెచ్చే మనిషికీ, పంపు బాగుచేసే మెకానిక్కుకూ, పండక్కి వచ్చే చుట్టాలకూ గేటు దగ్గర అనుమతి కావలసిందే. సంచీలో కూరగాయలు పట్టుకుని ప్రతిసారీ ఆ గేటు దాటడం ఒక వారం సరదాగా ఉంటుందేమో గానీ, ఏడాది ఉండదు.

అసలు అడ్డంకి మాత్రం వాతావరణమే. కాసిమేడు చేపల రేవులో నెల్లూరు తీరం నుంచి వచ్చి స్థిరపడిన ఒక సరంగు మా ప్రశ్నలన్నీ ఓపికగా విని, "అమ్మా, పడవ ఎక్కడ కడతారో తరవాత చూద్దాం, కార్తీకంలో దాన్ని ఎక్కడ దాస్తారో ముందు చెప్పండి" అన్నాడు. చెన్నైకి ఏటా కురిసే సుమారు 1400 మిల్లీమీటర్ల వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్య ఈశాన్య ఋతుపవనాలదే, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. 2016 డిసెంబరు 12న వర్ధా తుఫాను ఈ నగరం మీదుగానే తీరం దాటింది. తుఫాను హెచ్చరిక పెరిగినప్పుడు రేవులో కట్టిన పెద్ద ఓడలు గోడలకు కొట్టుకోకుండా నడిసముద్రంలోకి పంపేయడం రేవుల ఆనవాయితీ. ఓడకు అది రక్షణ, 34 అడుగుల పడవకు ఆత్మహత్య. కాబట్టి ఆ వేళకు పడవను ఒడ్డుకు ఎత్తించుకోగలగాలి, లేదా అలలు చేరని లోపలి నీటిలో కట్టుకోగలగాలి. చెన్నై తీరం ఈ రెండింటిలో ఏదీ సులభంగా ఇవ్వదు.

లోపలి నీళ్లు లేవని కాదు. కూవం, అడయారు, కోవళం దగ్గర ముట్టుకాడు, ఎన్నూరు వాగు, పైన పులికాట్, ఇవన్నీ సముద్రానికి తలుపులున్నవే. అయితే ఈ తీరం వెంట ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. ఓడరేవు గోడ అడ్డుపడడం వల్ల మెరీనా బీచి అంత వెడల్పు కావడానికీ, గోడకు ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోవడానికీ ఆ ఇసుకే కారణం. నదుల మొగలను మూసేసేదీ అదే. ముట్టుకాడులో పర్యాటక శాఖ పడవల కేంద్రం 1984 నుంచి ఉంది, నీరు నిలకడగా ఉంటుంది, కొబ్బరి చెట్ల కింద మధ్యాహ్నం గడపడానికి బాగుంటుంది. కీల్ ఉన్న పడవ సముద్రం నుంచి అక్కడికి చేరదు. ఎన్నూరు మాకు ఏమాత్రం నచ్చలేదు: విద్యుత్ కేంద్రాల పొగ ఒక పక్క, 2023 డిసెంబరు వరదల్లో వాగులోకి చమురు చేరిన జ్ఞాపకం ఇంకో పక్క.

పులికాట్ మీద మాకు మమకారం ఎక్కువ. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్ర వైపే ఉంది, సూళ్లూరుపేట దాటితే తెలుగే వినిపిస్తుంది, మనసు అక్కడే ఆగిపోతుంది. సగటు లోతు మీటరు దగ్గర ఉన్న సరస్సులో కీల్ పడవ బురదలో దిగబడడం తప్ప చేసేదేమీ లేదు. చదునైన అడుగున్న పడవ అయితే తేలుతుంది, దానికి మళ్లీ సముద్రం పనికిరాదు. కాకినాడ నుంచి చెన్నై దాటి మరక్కాణం దాకా సరుకు పడవలు నడిచిన బకింగ్‌హాం కాలువ ఈనాటికీ బాగుండి ఉంటే, చదునైన పడవ కొనుక్కుని మొగల బెడద లేకుండా ఊరూరా ఆగుతూ బతికేవాళ్లం. ఇప్పుడది చెన్నై నగరం మధ్యలో ఎత్తున నడిచే ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు స్తంభాల కింద మురుగు కాలువగా మిగిలింది.

విశాఖను గట్టిగా ఆలోచించలేదు. నౌకాదళ స్థావరం కావడం వల్ల కదలికల మీద ఆంక్షలు, 2014 అక్టోబరులో హుద్‌హుద్ నేరుగా తాకిన చోటు. కాకినాడకు హోప్ ఐలాండ్ అడ్డుగోడలా నిలిచి తూర్పు అలలను ఆపుతుంది, మన కోస్తాలో లంగరు వేసుకోవడానికి అంత నెమ్మదైన నీరు అరుదు. అయినా 1996 నవంబరు తుఫాను ఆ ప్రాంతాన్ని ఏం చేసిందో చూసినవారు అక్కడ కార్తీకమాసంలో పడవలో పడుకోమని ఎవరికీ సలహా ఇవ్వరు.

ఇక కొచ్చి. పశ్చిమ తీరానికి తుఫానులు లేవనలేం, 2017 నవంబరు చివర ఓఖి కేరళ దక్షిణ తీరాన చాలామంది మత్స్యకారులను బలిగొన్నది. కానీ కొచ్చి రేవు సముద్రం ఒడ్డున కాకుండా ఇరుకైన ముఖద్వారం దాటి లోపలి కాయల్‌లో (సముద్రంతో కలిసే ఉప్పుటేరులాంటి నీటిలో) ఉన్నందువల్ల, బయట జూన్ గాలి ఎంత రేగినా లోపల కట్టిన పడవకు ఊగిసలాటే ఉంటుంది గానీ దెబ్బ తగలదు. బోల్గాటి దీవిలో డచ్చివారు 1744లో కట్టిన భవనం పక్కనే, 2010లో మొదలైన కొచ్చి ఇంటర్నేషనల్ మరీనా, అంటే విహార పడవలు కట్టుకునే రేవు, ఉంది. కేరళ పర్యాటక సంస్థ నడిపే ఈ మరీనాలో 30కి పైగా పడవలు కట్టుకునే ఏర్పాటు, ఒడ్డు నుంచి కరెంటు, నీరు ఉన్నాయి. గోశ్రీ వంతెనలు దాటితే ఎర్నాకుళం. అక్కడి నుంచి చెన్నై సెంట్రల్‌కు రాత్రి రైలు. మా అత్తగారికి ఒంట్లో బాగుండలేదని కబురు వస్తే మరునాటి ఉదయానికి ఇంట్లో ఉండగలం అన్న లెక్క మా నిర్ణయంలో లోతు, గాలి కంటే తక్కువదేమీ కాదు.

కొచ్చిలో చూడవలసిన చిక్కులు పూడికా, వర్షమూను. పెరియారు తదితర నదులు ఏటా తెచ్చిపోసే బురద వల్ల ఓడరేవు తన కాలువను ఎప్పుడూ తవ్వుకుంటూనే ఉండాలి. మరీనా లోపలి నీటికీ ఆ బాధ తప్పదు. అందుచేత కాగితం మీద చూపే లోతును నమ్మకుండా, సీసపు గుండు కట్టిన తాడును మాకు చూపించిన స్థలంలో ముందు, వెనక, మధ్యలో ఆటు వేళ దింపి చూశాం. ఒక కొసలో గుండు మెత్తగా దిగబడి ఎంత లాగినా బురద చుట్టుకునే పైకి వచ్చింది, రెండో కొసలో శుభ్రంగా వచ్చింది. ఆ రెండో కొసనే అడిగాం.

వర్షాకాలంలో కాయల్ నీరు దాదాపు మంచినీరైపోతుంది, పడవ అడుగుకు పట్టిన గుల్లలు ఆ నెలల్లో చాలావరకు చచ్చి రాలిపోతాయి. ఉప్పునీటి రేవుల్లో ఏటా గీకించే ఖర్చుతో పోలిస్తే ఇది పెద్ద లాభం. అదే నీటితో గుర్రపుడెక్క చాపలు చాపలుగా కొట్టుకువచ్చి మోకుల చుట్టూ పేరుకుంటుంది, ఇంజను చల్లదనానికి నీరు పీల్చే రంధ్రంలో దాని వేళ్లు ఇరుక్కుంటాయి. అక్కడ ఏళ్లుగా ఉంటున్న ఒక విదేశీ దంపతులు రోజూ పొద్దున కాఫీకి ముందు జల్లెడ విప్పి ఆ వేళ్లు తీయడం చూశాం. జూన్ నుంచి లోపలి చెక్కకు బూజు, పరుపులకు చెమ్మ, సందె పడగానే దోమలు. కరెంటు ఉన్న చోటే కట్టుకోవాలని ఎందుకంటారో ఆ నెలల్లో తెలుస్తుంది, చెమ్మ పీల్చే యంత్రం లేకుండా అక్కడ వర్షాకాలం గడవదు. పడవను ఒడ్డుకు ఎత్తించాలంటే వైపిన్, మునంబం వైపు చేపల పడవలు కట్టే యార్డుల వారితో మాట్లాడుకోవాలి, వారి వాలుబల్లలు కీల్ లేని పడవలకు అలవాటైనవి కనుక కీల్‌కు తగిన ఆధారం మనమే చేయించుకోవాలి.

చూసే రోజుల్లో ఫోర్ట్ కొచ్చిలో ఇంటి బసలో దిగాం. గది బాగుంది, పుట్టూ (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి వంటకం), కడలా (శనగల కూర) బాగున్నాయి, కానీ మరీనాకు రోజూ రావడం పోవడం కష్టం. ఈ పనికి వచ్చేవారు ఎర్నాకుళంలో హైకోర్టు జెట్టీ దగ్గర దిగడం మేలు. అక్కడి నుంచి 2023లో మొదలైన వాటర్ మెట్రో పడవలు నడుస్తున్నాయి, శబ్దం తక్కువ, టిక్కెట్టు చవక.

మలేసియా దీవి లంకావికి వెళ్లింది పోల్చుకోవడానికే, అయినా వెళ్లకుండా ఉంటే మంచి మరీనా అంటే ఏమిటో తెలిసేది కాదు. భూమధ్యరేఖకు ఆరేడు డిగ్రీల దూరంలో ఉండడం వల్ల తుఫానులు అక్కడికి చేరడం అరుదు. 1987 నుంచి సుంకం లేని దీవి కావడంతో పడవ సామాన్లు, తెరచాప గుడ్డ, రంగులు మన దగ్గరికంటే తేలికగా దొరుకుతాయి. కువాలో ఫెర్రీ రేవు పక్కన ఒక యాట్ క్లబ్, పడమట తెలగా, విడిగా చిన్న దీవి మీద రెబాక్ ఉన్నాయి. 2004 సునామీలో తెలగా, రెబాక్ రెండూ దెబ్బతిని మళ్లీ లేచాయి. రెబాక్‌లో పడవను బెల్టులతో ఎత్తి ఒడ్డున నిలబెట్టే క్రేను ఉంది, ఒక పడవను అలా ఎత్తి నీటి గొట్టంతో కడుగుతుంటే రాలిన గుల్లలు కాంక్రీటు మీద తెల్లగా పరుచుకున్నాయి. రాత్రి పడవలో పడుకుంటే అడుగున చిటికె రొయ్యలు చేసే చప్పుడు పోపులో ఆవాలు చిటపటలాడినట్టు తెల్లవార్లూ వినిపిస్తుంది, కొత్తవారు పడవ పగులుతోందని లేచి కూర్చుంటారట.

సేవల విషయంలో లంకావికి వంక పెట్టలేం. మనకు అడ్డొచ్చేది పాస్‌పోర్టు. 2023 డిసెంబరు నుంచి భారతీయులకు మలేసియా ఇచ్చిన వీసా మినహాయింపు 30 రోజులకే, పడవ అక్కడ ఏడాది ఉండవచ్చు గానీ మనం ఉండలేం. పైగా కొనుగోలు అక్కడే అయితే పడవను తరువాత మన దేశానికి తెచ్చేటప్పుడు దిగుమతి సుంకం, నమోదు పనులు ఎదురవుతాయి. పడవలో మనిషి లేకుండా నెలల తరబడి కట్టి ఉంచి, సెలవులకు వెళ్లి నడుపుకునేవారికి అది సరైన చోటు. ఏడాది కాపురం మా లక్ష్యం కనుక మాకు కాదు.

కాబట్టి కొచ్చికే మొగ్గాం, చెన్నై ఇంటిని చిరునామాగా ఉంచుకుని. బ్యాంకు ఉత్తరాలకూ, ఆధార్‌కూ ఇంటి నంబరు కావాలి, పడవ పేరు చెబితే కుదరదు. తెరచాప నడిపే సాధన మాత్రం జనవరి తరువాత చెన్నైలోనే సాగుతుంది. ఒప్పందం కాగితం మీద మేము రాయించమని పట్టుబట్టినవి ఇవి: పడవలో రాత్రి బసకు స్పష్టమైన అనుమతి, కరెంటుకు వేరే మీటరు, ఆటు వేళ లోతు రెండు మీటర్లకు తగ్గితే స్థలం మార్చే హక్కు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మేము ఊళ్లో లేనప్పుడు వారానికి రెండుసార్లు మోకులు, అడుగు నీటి పంపు చూసి ఫోను చేసే మనిషి పేరు. మొదటి మూడూ వెంటనే ఒప్పుకున్నారు. మనిషి పేరు మాత్రం ఇంకా రాయలేదు, అది రాసేదాకా బయానా ఇవ్వలేదు.