జీఆర్ఈ పదాల ప్యాక్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చూడండి

"3500 పదాలు, నెల రోజులు, వెర్బల్ స్కోరు గ్యారంటీ" అంటూ ఊదరగొడుతున్న పదాల ప్యాక్ ఒకటి కొని చేతులు కాల్చుకున్నాను. (జీఆర్ఈ అంటే విదేశాల్లో పీజీ చదువులకి రాసే పరీక్ష, వెర్బల్ అందులో ఇంగ్లిష్ భాగం.) పేరు చెప్పినా లాభం లేదు, అదే సరుకు ఇప్పుడు ఇంకో అట్టతో కనిపిస్తోంది. అందుకే గుర్తులు చెప్తాను.

శాంపిల్‌గా ఇచ్చేది 'ఎ' అక్షరం పేజీలే. అవి ముచ్చటగా ఉంటాయి: ప్రతి పదానికీ ఉదాహరణ వాక్యం, గుర్తుపెట్టుకునే చిట్కా. డబ్బు కట్టి ఫైలు తెరిస్తే 'సి' దాటాక వాక్యాలు మాయం. ఒక పదం, పక్కన ఒక అర్థం, అంతే. చివర్లో వందల కొద్దీ యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీల (పదాల జతల మధ్య పోలిక) ప్రాక్టీసు. ఆ రెండు రకాల ప్రశ్నల్నీ పరీక్షలోంచి 2011 ఆగస్టులోనే తీసేశారు! స్కోరు కూడా అప్పటినుంచే 130–170 మధ్య ఇస్తున్నారు. వీళ్ళ పట్టికలో మాత్రం ఇంకా 800కే లెక్క. 2023 సెప్టెంబరులో పరీక్ష కుదించాక వెర్బల్ మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. అట్ట మీద "లేటెస్ట్ ప్యాటర్న్" అని మాత్రం పెద్ద అక్షరాలు.

పాతదైతే పోనీలే అనుకోవచ్చు, పదాలు పదాలే కదా. కానీ అర్థాలే తప్పు. 'ఎనర్వేట్' అంటే ఉత్సాహపరచడమట, ఎనర్జీని తలుచుకుంటే గుర్తుంటుందట. ఆ మాటకి అర్థం నీరసపరచడం. 'ఇంజీనియస్' (తెలివైన), 'ఇంజెన్యువస్' (అమాయకమైన) రెండింటికీ ఒకే అర్థం అంటించారు. 'క్వాలిఫై'కి అర్హత పొందడం ఒక్కటే రాశారు. చెప్పిన మాటకి పరిమితులు పెట్టడం అనే అర్థంలో వస్తే ఈ జాబితా బట్టీపట్టినవాళ్ళ గతి ఏమిటి? సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నల్లో వాక్యంలోని ఖాళీకి ఒకే అర్థమిచ్చేలా ఆరు పదాల్లో రెండు ఎంచుకోవాలి, రెండూ సరైతేనే మార్కు. సగం మార్కు ఉండదు. తప్పు అర్థం నేర్చుకోవడం కన్నా అసలు నేర్చుకోకపోవడమే నయం.

దీంతోపాటు ఒక యాప్. స్పేస్డ్ రిపిటీషన్ (మరిచిపోయేలోపు మళ్ళీ చూపించే పద్ధతి) అని చెప్తారు గానీ, అది చేసేదల్లా రోజూ అక్షరక్రమంలో అవే కార్డులు తిప్పడం. వచ్చిన పదమూ రాని పదమూ ఒకే లెక్కన వస్తాయి. నాలుగు రోజులయ్యేసరికి ముందు కార్డుని బట్టే తర్వాతి దాని అర్థం నోటికొచ్చేస్తుంది. విడిగా వాక్యంలో కనిపిస్తే మాత్రం తెల్లమొహమే. మరిచిపోయిన పదాన్ని త్వరగా, వచ్చినదాన్ని ఆలస్యంగా చూపించే యాంకీ అనే యాప్ కంప్యూటర్లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితంగానే దొరుకుతుంది (ఐఫోన్‌లో మాత్రం కొనాలి). కార్డులు మనమే చేసుకోవాలి. నన్నడిగితే సగం చదువు అక్కడే అయిపోతుంది.

ఇక డబ్బు సంగతి. "వారంలో వాపసు" అన్నారు. అడిగితే, ఒక్క ఫైలు తెరిచినా వర్తించదని జవాబు. తెరవకుండా బాగుందో లేదో ఎలా తెలుస్తుందో వాళ్ళకే తెలియాలి. "జీవితకాలం" అన్నది పీడీఎఫ్‌కేనట, యాప్‌కి ఏడాదికోసారి ఆటో రెన్యువల్. కొన్నవాళ్ళు వెంటనే దాన్ని ఆపేయండి.

కొనాలనే ఉంటే 'ఎమ్' లేదా 'పి' అక్షరం పేజీలు చూపించమని అడగండి, 'ఎనర్వేట్'కి ఏం రాశారో చూడండి. దానికన్నా ముందు, పరీక్ష పెట్టే ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ నమూనా టెస్టుల్లో ఒకటి రాసి, తప్పులు పదాల వల్లా, వాక్యం అర్థంకాకనా అన్నది తేల్చుకోండి. రెండోదైతే ఏ ప్యాకూ అక్కర్లేదు.

నా డబ్బు ఇంకా రాలేదు. బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద ఫిర్యాదు) పెట్టాను. మీరూ ఇలాగే ఇరుక్కుంటే ప్రకటన స్క్రీన్‌షాట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి, నేను అడిగిన మర్నాడే "గ్యారంటీ" అన్న మాట వాళ్ళ పేజీలోంచి ఎగిరిపోయింది.