పాత ఫ్యూయల్ పంపు ఉంచాలా, మార్చాలా?

జీఎం (జనరల్ మోటార్స్) ఎల్ఎస్ వీ8 ఇంజన్‌లో ఫ్యూయల్ ఇంజెక్షన్ తీసేసి హోలీ కంపెనీ కార్బ్యురేటర్ పెట్టేవాళ్లకి అసలు టెన్షన్ పెట్రోలు ప్రెషరే. ఇంజెక్షన్‌కి దాదాపు 58 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) కావాలి, కార్బ్యురేటర్‌కి 6 చాలు. అంతకు బాగా మించితే కార్బ్యురేటర్‌లోకి వచ్చే పెట్రోల్ని నీడిల్ వాల్వ్ ఆపలేదు, పెట్రోలు పొంగిపోతుంది.

ట్యాంకులోని పాత పంపునే ఉంచితే చప్పుడు తక్కువ, పెట్రోల్లో మునిగి చల్లగా ఉంటుంది. కానీ బైపాస్ రెగ్యులేటర్ (ఎక్కువైన పెట్రోల్ని వెనక్కి పంపి ప్రెషర్ తగ్గించేది), ట్యాంకు దాకా రిటర్న్ లైను తప్పవు. రెగ్యులేటర్ కూడా అంత ప్రెషర్‌ని దించగలిగేదే కావాలి.

తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపుతో పైపుల పని తేలిక. నేనైతే ఇదే వేస్తాను. (ఎల్ఎస్ బ్లాకు మీద మెకానికల్ పంపు బిగించే చోటు లేదు.) ట్యాంకు పక్కనే, కిందగా బిగించండి, ఇవి లాగడం కంటే నెట్టడమే బాగా చేస్తాయి.

ఏది వేసినా, ఇంజన్ ఆగగానే పంపుని ఆపే ఆయిల్ ప్రెషర్ స్విచ్ దయచేసి పెట్టండి. ఇదివరకు ఆ పని ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే కంప్యూటర్) చేసేది.