ధనుర్మాసంలో గుర్రం పాఠాలు: రాజోలు దీవిలో ఐదు రోజులు

పెళ్ళి ముహూర్తాలు లేని రోజులు చూసుకొని బయలుదేరడమే ఈ ప్రయాణంలో మేము చేసిన తెలివైన పని. గోదావరి జిల్లాల్లో ఇప్పుడు గుర్రాలు మిగిలింది ఎక్కువగా ఊరేగింపుల కోసమే కనుక, ముహూర్తాల కాలంలో వాటికీ, వాటిని చూసుకొనేవారికీ రాత్రి నిద్ర ఉండదు, పగలు పాఠం చెప్పే ఓపిక అంతకన్నా ఉండదు. ధనుర్మాసం రాగానే బ్యాండు మేళాలతో పాటు గుర్రాలకూ ఖాళీ దొరుకుతుంది. డిసెంబరు చివరి వారంలో, మా అన్నయ్య కొడుకుని వెంటబెట్టుకొని నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లో పాలకొల్లులో దిగాను. వాడికి పద్నాలుగేళ్ళు. నాకు స్వారీ నేర్చుకోవాలని ఉంటే, వాడికి సినిమాల్లోలాగా తాడు గిరగిర తిప్పి విసరడం నేర్చుకోవాలని ఉంది.

వెళ్ళేముందు మూడు చోట్ల వాకబు చేశాను. మొదటిది సముద్రతీరంలో గుర్రాలు అద్దెకిచ్చేవారి దగ్గర. “నేర్పుతామండీ” అన్నారు గానీ, అరగంటకు ఐదు వందలు తీసుకొని, గుర్రాన్ని తామే పట్టుకొని ఇసుకలో అటూ ఇటూ నడిపించి, మధ్యలో రెండుసార్లు ఫొటో కోసం ఆపారు. నేను చెప్పులతో ఉన్నానని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గుర్రం పెదవి మూలలో కళ్ళెం ఒరుసుకొని పడిన పుండు కనిపించాక అక్కడికి మళ్ళీ వెళ్ళబుద్ధి కాలేదు. రెండోది రాజమహేంద్రవరం శివార్లలోని ఒక శిక్షణ కేంద్రం. అక్కడ కంచె వేసిన మైదానం, అందరికీ హెల్మెట్లు, మంచి జీనులు, అన్నీ ఉన్నాయి. అయితే జట్టుకు ఎనిమిది మంది చొప్పున రెండే గుర్రాల మీద నేర్పుతారు కాబట్టి గంట పాఠంలో ఒక్కొక్కరికి పావుగంటకు మించి జీను దక్కదు. ఆ ఊళ్ళోనే ఉండి నెలల తరబడి నేర్చుకొనేవారికి అది నయమే. ఐదు రోజులకు వచ్చిన మాకు సరిపడదు.

మూడోది రాజోలుకు దగ్గరగా, కొబ్బరితోటలో నాలుగు గుర్రాలు పెంచుకొనే ఒకాయన దగ్గర విడిగా చెప్పించుకొనే పాఠం. ఆయన కుర్రతనంలో హైదరాబాదు మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రాలకు మాలీషు చేసి, తరువాత సొంత ఊరికి వచ్చి స్థిరపడ్డారు. మనిషికి గంటకు వెయ్యి రూపాయలు. తీరంలో ఇచ్చినదానితో పోలిస్తే ఎక్కువేమీ కాదు. పైగా తోట నేల ఇసుక కలిసిన ఒండ్రు. చుట్టుపక్కల చేలన్నీ దాళ్వా నాట్ల కోసం దమ్ము చేసి, గట్లు జారుతున్న ఆ రోజుల్లో గుర్రాన్ని నడిపించదగిన నేల దొరకడమే పెద్ద సౌకర్యమని నాకు రెండో రోజుకు గాని తెలియలేదు.

మొదటి రోజు మమ్మల్ని గుర్రం ఎక్కనివ్వలేదు. పిల్లవాడి ముఖం చిన్నబోయింది, నాకూ డబ్బు దండగేమో అనిపించింది. ముందు బ్రష్షుతో ఒళ్ళు తోమించారు, ఒక్కొక్క కాలు ఎత్తించి గిట్టలో ఇరుక్కున్న మట్టి గీకించారు, బకెట్లతో నీళ్ళు మోయించారు. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కల ఉండటంవల్ల దానికి చుట్టూ చాలామేరకు కనిపిస్తుంది గాని, నుదుటికి సూటిగా ముందూ, తోక వెనుకా ఉన్నది కనిపించదు. అందుకని భుజం వైపు నుంచి మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళాలని చెప్పి, ఆ నడకే ఇరవైసార్లు నడిపించారు. మాకు ఇచ్చింది మార్వాడీ జాతి ఆడగుర్రం. దాని చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. ఆ చెవులు ఎటు తిరిగితే దాని ధ్యాస అటు ఉన్నట్టనీ, రెండూ వెనక్కి మెడకు అంటుకుపోతే మనం వెనక్కి తగ్గాలనీ అన్నారు.

రెండో రోజు జీను కట్టే దగ్గర నేను నేర్చుకొన్న విషయం ఐదు రోజుల ఖర్చుకూ సరిపోయింది. పొట్ట కింది పట్టీ బిగిస్తుండగా ఆ గుర్రం ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించింది. నేను రంధ్రం చూసి కట్టి, గట్టిగానే ఉందనుకొన్నాను. ఆయన నవ్వి, “నాలుగడుగులు నడిపించి మళ్ళీ చూడండమ్మా” అన్నారు. నడిపించి చూస్తే పట్టీకీ పొట్టకూ మధ్య నా అరచెయ్యి మొత్తం సులువుగా దూరింది. అలాగే ఎక్కి ఉంటే జీనుతో సహా పక్కకు తిరిగి కింద పడేదాన్ని. జీనుకు వేలాడే రికాబులో పాదం ముందు భాగమే ఉంచి మడమ కిందికి దించాలన్న నియమం కూడా అటువంటిదే: పాదం లోపలికి జారి ఇరుక్కుంటే, పడిన మనిషిని గుర్రం ఈడ్చుకుపోతుంది. మడమ ఉన్న బూట్లు మేము తీసుకెళ్ళలేదు, రాజోలు బజారులో కొనుక్కోవలసి వచ్చింది.

మూడో రోజు నుంచి నడక, తరువాత దుడుకు నడక. నడకలో గిట్టలు నాలుగు దెబ్బలుగా వినిపిస్తే, దుడుకు నడకలో ఐమూలగా ఉన్న కాళ్ళు (ముందు ఎడమకాలితో వెనుక కుడికాలు) జతగా పడి రెండే దెబ్బలు వినిపిస్తాయి. ఆ తాళానికి జీను మీద లేస్తూ కూర్చోవాలి. నాకు నాలుగో రోజు సాయంత్రానికి గాని కుదరలేదు. దౌడు జోలికి పోలేదు, పోనివ్వలేదు కూడా.

తాడు పాఠం ఇంత సజావుగా సాగలేదు. అమెరికా పశువుల కాపరులు మెక్సికో వాళ్ళ దగ్గర నేర్చుకొన్న విద్య అది. ఆ ఉచ్చు తాడుకు వాడే లాసో అన్న మాట కూడా స్పానిష్ నుంచి వచ్చిందే. వాళ్ళ జీనుకు ముందు ఒక కొమ్ము ఉంటుంది, పశువు మెడకు ఉచ్చు పడగానే తాడును దానికి చుట్టి గుర్రం బలంతో ఆపుతారు. మన దగ్గర దొరికే ఇంగ్లీషు తరహా జీనుకు ఆ కొమ్ము లేదు కనుక, గుర్రం మీద నుంచి తాడు విసిరి పశువును పట్టడం ఇక్కడ చేయకూడని పని అని ఆయన మొదటే తేల్చి చెప్పారు. ఎంత తెలుసో అంతే నేర్పుతానన్న ఆ మాట నాకు నచ్చింది. కొబ్బరి పీచు తాడు మెత్తగా వాలిపోయి ఉచ్చు నిలవలేదు. పడవలకు కట్టే కొత్త ప్లాస్టిక్ తాడు బిరుసుగా ఉండి ఉచ్చును విప్పారి ఉంచింది. తాటి మొద్దుకు రెండు మట్టలు కొమ్ముల్లా గుచ్చి, పది అడుగుల దూరంలో పిల్లవాణ్ణి నిలబెట్టారు. మిగతా తాడు చుట్టలు ఎడమచేతిలో వదులుగా పట్టుకోవాలి, చేతికీ నడుముకూ ఎప్పుడూ చుట్టుకోకూడదు. తిప్పేది మణికట్టు, భుజం కాదు. గేదెలు తోలుకెళుతున్న ఒక పెద్దాయన కాసేపు చూసి, “యముడికి దున్నపోతు, తమరికి గుర్రమా అండీ? ఆయ్, పాశం మాత్రం ఒకటే!” అని నవ్వారు. ఆ తరువాత వచ్చి, పశువు మెడకు వేసే ముడి బిగుసుకోకుండా ఎలా వేయాలో తన పలుపుతోనే చూపించి, పైసా తీసుకోకుండా వెళ్ళిపోయారు. చివరి రోజు మా వాడు ముప్పై విసుర్లలో పదకొండు మొద్దుకు వేశాడు.

బస విషయం క్లుప్తంగా చెబుతాను. మొదటి రాత్రి పాలకొల్లులో ఒక లాడ్జిలో దిగాము. తెల్లవారి ఐదున్నరకు వేడినీళ్ళు ఇస్తామని చెప్పి, ఏడు దాటినా ఇవ్వలేదు. పాఠం ఆరున్నరకు. దిండిలో నది ఒడ్డున గదులు చూడముచ్చటగా ఉన్నాయి, ధరలు కూడా అలాగే ఉన్నాయి. చివరికి గురువుగారే చెప్పిన ఒక మండువా ఇంట్లో, భోజనంతో కలిపి రోజుకు రెండు వేలకు ఉన్నాము. పులస రోజులు కాకపోయినా పనసాకుల పొట్టిక్కలూ, పనసపొట్టు కూరా ఆ లోటు తెలియనివ్వలేదు. అక్కడ ఉన్న లోపమల్లా సంధ్యవేళ దోమలూ, మెట్లెక్కవలసిన పై గదీ. రెండో రోజు తరువాత తొడలు ఎంత నొప్పి పెడతాయో తెలిసి ఉంటే కింది గది అడిగేదాన్ని.

తిరుగు రైల్లో తాడు చుట్ట బెర్తు కొక్కేనికి తగిలించాము. భీమవరంలో ఎక్కిన ఒకావిడ దాన్ని ఎగాదిగా చూసి, సర్దుకొని కూర్చున్నాక నెమ్మదిగా అడిగారు: “గేదెను కొన్నారాండీ? పాలెన్నిస్తుంది?”