అగ్లోనిమా ఆకుమచ్చలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి: ఎనిమిది వారాలు వాడిన తర్వాత

బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంట్లో కిటికీ పక్కన ఆరు కుండీలు ఉన్నాయి. జూలైలో ముసురు విడవకుండా పట్టిన ఒక వారంలో, వాటిలోని అగ్లోనిమా కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. పది రోజులు గడిచేసరికి అవి పై ఆకులకూ పాకాయి. దానికి నేను వాడిన మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 శాతం పొడి, అంటే శిలీంధ్ర (బూజు) తెగుళ్లకు కొట్టే రాగి మందు. దీన్ని చాలా కంపెనీలు అమ్ముతున్నాయి కనుక కంపెనీ పేరు కన్నా ప్యాకెట్ మీద ఉన్న మందు పేరు, శాతం చూసి కొనడం మేలు. ఇది మంచి మందే. కానీ మచ్చ దేనివల్ల వచ్చిందో తెలుసుకోకుండా కొంటే, ఎంత మంచి మందైనా డబ్బు దండుగే అవుతుంది.

నేను మొదట చేసిన తప్పు అదే. మొక్కలమ్మే ఒక నర్సరీకి ఫోన్ చేసి ‘ఆకుల మీద మచ్చలు’ అనగానే, ఆకు ఫొటో అయినా అడగకుండా వేపనూనె కొట్టమన్నారు. రెండు వారాలు కొట్టినా మచ్చలు ఆగలేదు. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఈ పొడినే తెప్పిస్తే, లేబులు లేని జిప్ కవరులో వచ్చింది; తయారీ తేదీ లేదు, బ్యాచ్ నంబరు లేదు, విషతీవ్రతను తెలిపే రంగు త్రికోణం లేదు. 1968లోనే పురుగుమందుల చట్టం చేసిన దేశంలో ఒక రసాయనం ఇలా ఇంటికి చేరడం నన్ను నిజంగా కలవరపెట్టింది. ఆ కవరును విప్పకుండానే తిప్పి పంపాను.

చివరికి కె.ఆర్. మార్కెట్ వైపు ఎరువులు, విత్తనాలు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. మందు పేరు చెప్పగానే ఆ పెద్దాయన చిత్తూరు వైపు యాసలో, ‘ఆకు తెచ్చినారా అమ్మా?’ అని అడిగారు. సంచిలో తెచ్చిన ఆకును ఆయన వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూపిస్తుంటే, అన్ని రోజులుగా నా కళ్లెదుటే ఉన్నా నేను గమనించనిది అప్పుడు కనిపించింది. మచ్చ మధ్యభాగం కాగితంలా ఎండి ఉంది. దాని చుట్టూ చెట్టుమాను కోతలో కనిపించే వలయాల వంటి గీతలు, ఆ గీతల వెంట సూదిమొనతో పొడిచినట్టు నల్లని చుక్కలు, అంచున సన్నని పసుపు వలయం. ఆ చుక్కలు శిలీంధ్రపు బీజాలు తయారయ్యే చోట్లని, మచ్చలో అవి ఉంటే అది శిలీంధ్ర తెగులేనా అని ఇక పెద్దగా అనుమానపడక్కర్లేదని ఆయన చెప్పారు. అదే బాక్టీరియా మచ్చ అయితే నూనె మరకలా తడిగా, వెలుతురు ఆరపారగా కనిపించేలా ఉండి, ఈనెలు అడ్డురావడంతో గుండ్రంగా కాక మూలలు తేలినట్టు పెరుగుతుందట.

ఇంటికి వచ్చాక ఇంకొక పరీక్ష కూడా చేశాను. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులును పోల్చుకోవడానికి మా నాన్నగారు ఆకు ముక్కను కోసి గాజుగ్లాసు నీటిలో పెట్టేవారు. తెగులు ఉంటే కోసిన అంచు నుంచి పాలలాంటి పోగు నీటిలోకి దిగుతుంది. మచ్చ అంచును కొత్త బ్లేడుతో కోసి, గ్లాసు వెనుక నల్లగుడ్డ ఆనించి పావుగంట చూశాను; నీళ్లు తేటగానే ఉన్నాయి. ఇంటి మొక్కల విషయంలో ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవడం సరికాదు గానీ, ఆకు మీద కనిపించిన లక్షణాలకు ఇది తోడైంది.

ఇక వాడకం. బాగా మచ్చలు పడిన నాలుగు ఆకులను కాడతో సహా కోసి కవరులో కట్టి పారేశాను. కత్తెరను స్పిరిటుతో తుడిచాను. లీటరు నీటికి రెండున్నర గ్రాముల చొప్పున, అర లీటరు సీసాకు గ్రాముంపావు పొడి కలిపి, ముందుగా ఒక్క ఆకు మీద కొట్టి మూడు రోజులు ఆగాను. ఆకు మాడలేదని తేలాకే కుండీని బాల్కనీలోకి తీసుకెళ్లి, చేతితొడుగులు, మాస్కు వేసుకుని, ఎండ ముదరకముందే ఆకుల రెండు వైపులా తడిసేలా పిచికారీ చేశాను. పొడి నీటిలో కరగదు, అడుగుకు దిగుతుంది; కనుక సీసాను మధ్యమధ్యలో కుదుపుతూ ఉండాలి. ఇలా పది రోజులకు ఒకసారి చొప్పున మూడుసార్లు.

ఇది ఆకు పైపొర మీద నిలిచి, కొత్తగా పడే బీజాలను మొలకెత్తనివ్వని మందు. పాత మచ్చను మాన్పదు. అందుకే మిగిలిన మచ్చల చుట్టూ మార్కరు పెన్నుతో గీత గీసి, అవి గీత దాటుతాయేమోనని రోజూ చూశాను. రెండో పిచికారీ తర్వాత ఒక్కటీ దాటలేదు. నీళ్లు ఆకుల మీద కాక మట్టిలోనే పోయడం, కుండీల మధ్య జానెడు ఎడం ఉంచడం కూడా ఇందుకు తోడ్పడ్డాయని నమ్ముతున్నాను. ఘనతంతా పొడికే ఇవ్వలేను.

పక్కనే ఉన్న డ్రసీనా ఆకుల కొనలు ఎండిపోతుంటే దానికీ కొట్టాలని చేయి లాగింది. కానీ ఆ ఎండు కొనల్లో వలయాలు లేవు, చుక్కలు లేవు. మట్టికుండీ అంచున మాత్రం తెల్లని ఉప్పుపొర పేరుకుని ఉంది. మాకు వచ్చేది బోరు నీరు. నీటిలోని లవణాలకు, ఫ్లోరైడుకు డ్రసీనా తట్టుకోలేదు. దానికి వాననీళ్లు పడితే చాలు, మందుతో పనిలేదు.

లోపాలూ ఉన్నాయి. నాకు దొరికిన అతిచిన్న ప్యాకెట్ 100 గ్రాములది. నా లెక్కన అది ఎనభై పిచికారీలకు సరిపోతుంది, ఆరు కుండీల ఇంటికి అది మరీ ఎక్కువ. గ్రాముంపావు తూచడానికి వంటింటి కాటా పనికిరాదు, నగలు తూచే చిన్న కాటా కొనాల్సి వచ్చింది. ఆకుల మీద నీలాకుపచ్చ పూత వారాల తరబడి కనిపిస్తుంది. రాగి చేపలకు విషం కనుక, అక్వేరియం ఉన్నవారు మిగిలిన నీటిని, కడిగిన సీసాను దాని దరిదాపులకు తేకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో నేనైతే తాళం వేసే అర లేకుండా దీన్ని ఉంచను.

ఎనిమిదో వారానికి అగ్లోనిమా మూడు కొత్త ఆకులు వేసింది, మూడింటి మీదా మచ్చ లేదు. మార్కరు గీత గీసిన పాత ఆకును మాత్రం ఇంకా కోయలేదు. కార్తీకం చలి మొదలయ్యేదాకా దాన్ని గమనిస్తూ ఉంటాను.