రాత్రి తొమ్మిది దాటాక ఎంతమంది ఉంటారు: బరంపురంలోని ఒక వృద్ధుల సంరక్షణ గృహంపై సమీక్ష

మా అమ్మకు 81 ఏళ్లు. నిరుడు జూన్‌లో స్నానాల గదిలో జారిపడడంతో తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కాని, అంతకు రెండేళ్ల ముందు మొదలైన మతిమరుపు వ్యాధి ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజుల్లో ఒక్కసారిగా ముదిరింది. ఆ తరువాత ఆమె తనంతట తాను లేచి నడవలేదు. నేను రాయగడలో ఉద్యోగం చేస్తున్నాను, నా భార్య బడిలో టీచరు, అక్కడ మేముండే అద్దె ఇల్లు రెండో అంతస్తులో ఉంది. ఒడిశాలోని బరంపురంలో ఉన్న సొంత ఇంట్లోనే అమ్మను ఉంచి, ఏజెన్సీ ద్వారా ఆయాను కుదిర్చితే రెండు నెలల్లో ముగ్గురు మారారు. చివరకు ఆగస్టులో ఆమెను బరంపురంలోనే ఒక ప్రైవేటు సంరక్షణ గృహంలో చేర్చాము. పద్నాలుగు నెలలుగా ఆమె అక్కడే ఉంది. దాని పేరు రాయడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి చోటును వెతుక్కుంటున్నవారు ఏమేమి చూడాలో నాకు ఆలస్యంగా తెలిసింది కనుక రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన వైపు నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, ఆపరేషన్లు జరిగే చిన్న ప్రైవేటు ఆసుపత్రి అని అర్థం. అమెరికాలో అదే మాటకు మంచాన పడిన వృద్ధులను ఏళ్ల తరబడి చూసుకునే చోటు అని అర్థం. మా అమ్మ ఉన్నది ఆ రెండో రకం గృహం, కాని బోర్డు మీద వృద్ధాశ్రమం అనే రాసి ఉంటుంది. ఆ బోర్డును చూసి, తమ పనులు తాము చేసుకోగల పెద్దలు భజనలు చేసుకుంటూ కాలక్షేపం చేసే చోటని అనుకునేవారు ఉన్నారు. నిజానికి అక్కడ ఉన్న 27 మందిలో తొమ్మిది మంది మంచం దిగలేనివారు.

చేర్చేముందు చూడడానికి వెళ్లినప్పుడు మేనేజరు మాకు కొత్త టైల్స్, పూజగది, సీసీ కెమెరాలు, వెనుక ఉన్న కొబ్బరి చెట్లు చూపించారు. మేము ఫీజు ఎంతో, పథ్యం ఏమి పెడతారో, డాక్టరు ఎన్నిసార్లు వస్తారో అడిగాము. నెలకు 22 వేల రూపాయలు, డైపర్లు, మందులు అదనం. డాక్టరు వారానికి రెండుసార్లు వస్తారు. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఆటోలో పావుగంట దూరం. అన్నీ సవ్యంగానే ఉన్నాయనిపించింది. రాత్రి తొమ్మిది దాటాక భవనంలో ఎంతమంది మనుషులు మేలుకొని ఉంటారన్న ప్రశ్న మాత్రం మాకు తట్టలేదు.

దానికి సమాధానం నవంబరులో దొరికింది. ఆ రోజు నా రైలు ఆలస్యమై, గృహానికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. ఇక్కడ దీన్ని మెచ్చుకోవాలి, ఏ వేళప్పుడు వచ్చినా బంధువులను లోపలికి రానిస్తారు. అమ్మ వెల్లకిలా పడుకొని ఉంది. మంచాన ఉన్నవారిని రెండు గంటలకొకసారి ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పినట్టు రాసే రిజిస్టరు మంచం కాళ్ల వైపు వేలాడుతుంటే తీసి చూశాను. పది గంటలకు ఎడమ పక్క, పన్నెండుకు కుడి పక్క, రెండుకు వెల్లకిలా, నాలుగుకు ఎడమ పక్క అని వరుసగా, ఒకే నీలం సిరాతో, ఒకే చేతిరాతతో నింపి ఉంది. అప్పుడు సమయం పదకొండుంబావు. నర్సు ఎక్కడని అడిగితే ఆమె పగటి డ్యూటీ ముగించుకొని సాయంత్రమే వెళ్లిపోయిందన్నారు. 27 మందికి రాత్రి ఇద్దరు ఆయాలు, గేటు దగ్గర ఒక కాపలాదారు, అంతే.

ఆ ఆయాలను తిట్టడం తేలిక. నాకు కూడా మొదట కోపమే వచ్చింది. కాని లెక్క వేసి చూస్తే ఆ రిజిస్టరు అబద్ధం కాక మరేమవుతుంది? మంచాన ఉన్న ఒక మనిషిని ఒరిగించి, తడిసిన డైపరు మార్చి, దుప్పటి ముడతలు సరిచేసి, మోకాళ్ల మధ్య దిండు పెట్టడానికి ఇద్దరు మనుషులు, కనీసం పది నిమిషాలు కావాలి. తొమ్మిది మందికి ఒక చుట్టు తిరిగేసరికి గంటన్నర అవుతుంది. రెండు గంటలకొకసారి తిరగాలంటే ఆ ఇద్దరికీ మిగిలేది అరగంట, ఆ అరగంటలోనే మిగతా పద్దెనిమిది మందిలో ఎవరు మరుగుదొడ్డికి లేచినా పట్టుకొని తీసుకువెళ్లాలి. ఎవరైనా పడితే ఆ చుట్టు అక్కడితో ఆగిపోతుంది. చేయలేని పనిని చేసినట్టు రాసిపెట్టమని చెప్పిన పద్ధతిదే తప్పని నా అభిప్రాయం.

డిసెంబరు మొదటి వారంలో అమ్మకు నడుము కింద, ఎముక తగిలే చోట, రూపాయి బిళ్లంత ఎరుపు కనిపించింది. వేలితో నొక్కి తీస్తే మామూలు చర్మం ఒక్క క్షణం పాలిపోయి మళ్లీ ఎర్రబడుతుంది. అది మాత్రం నొక్కినా ఎర్రగానే ఉండిపోయింది. ఒకే చోట బరువు పడుతూ ఉంటే అక్కడికి రక్తం అందక చర్మం లోపలి నుంచి చచ్చుబడడం మొదలవుతుందని, పడక పుండుకు అది తొలి గుర్తు అని డ్రెస్సింగ్ చేసిన నర్సు చెప్పారు. నాలుగు రోజుల్లో పై చర్మం ఊడింది. పూర్తిగా మానడానికి ఏడు వారాలు పట్టింది. డ్రెస్సింగ్ సామాను, ఎయిర్ బెడ్ (మోటారుతో గాలి నింపే పరుపు) అద్దె, రెండుసార్లు ఆసుపత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాము.

ఆహారం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వంట మనిషి మనవైపు రుచి తెలిసినవాడు, మెత్తని అన్నం, పప్పుచారు వేడివేడిగా పెడతారు. లోపం రుచిలో కాక గడియారంలో ఉంది. వంటగది సిబ్బంది ఏడు గంటలకే ఇళ్లకు వెళ్లాలి కనుక రాత్రి భోజనం ఆరున్నరకే అయిపోయేది. మళ్లీ తినేది ఉదయం ఎనిమిదిన్నరకు, అంటే పద్నాలుగు గంటల తరువాత. షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకునే మనిషికి అంత ఎడం ప్రమాదం. ఫిబ్రవరిలో ఒక ఉదయం అమ్మ ఒళ్లంతా చెమటలు పట్టి పలకకపోతే పరీక్షించారు, షుగరు 58 ఉంది. డెబ్బై కన్నా తగ్గితేనే షుగరు మరీ పడిపోయినట్టు లెక్క. నోట్లో పంచదార నీళ్లు పోసి నిలబెట్టారు, సంతోషమే. కాని ఆ పూట ఆమెను చూసింది ఎనిమిది గంటలకు డ్యూటీకి వచ్చిన నర్సు. అంతకుముందు ఎంతసేపు ఆ స్థితిలో ఉందో చెప్పగలిగినవారు లేరు.

ఇక భాష సంగతి, ఇది మన సరిహద్దు జిల్లాలవారికి ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది. బరంపురం ఉన్న ఇప్పటి గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురంలో ఇప్పటికీ తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి, బజారులో ఒడియావారు కూడా తెలుగు మాట్లాడతారు. మా అమ్మ యాభై ఏళ్లు బడాబజారులో ఒడియాలోనే బేరం ఆడింది. మతిమరుపు వచ్చినవారిలో కొందరికి తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి, పుట్టు భాష చివరి వరకు నిలుస్తుంది. అమ్మకు అదే జరిగింది. ఆయాలేమో ఎక్కువగా కొంధమాల్, గజపతి కొండల నుంచి వచ్చిన అమ్మాయిలు. అమ్మ "దాహం, దాహం" అంటూ ఉంటే, గొణుగుతోంది లెమ్మని దుప్పటి సరిచేసి వెళ్లినవారిని నేను చూశాను. "ఒంటికి" అంటే ఏమిటో తెలియక ఆమె పక్క తడిపిన తరువాత విసుక్కున్నవారినీ చూశాను. మాట అందని మనిషి అరుస్తుంది. అరిచే మనిషికి నిద్రమాత్ర రాయించమని అడుగుతారు. మాకు ఆ సలహా మార్చిలో వచ్చింది, మేము ఒప్పుకోలేదు.

ఈ చిక్కును విప్పింది దారింగ్‌బాడి వైపు నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల అమ్మాయి. ఆమె ఇంటి భాష కుయి. ఒడియా బడిలో నేర్చుకుంది. నన్ను కూర్చోబెట్టి ఒక్కొక్క మాటే అడిగి, పాత క్యాలెండరు కాగితం వెనుక ఒడియా లిపిలో రాసుకుంది: దాహం, ఒంటికి, దొడ్డికి, నొప్పి, చలి, పక్కకు తిప్పు, కళ్లజోడు, ఇంక చాలు. మొత్తం పంతొమ్మిది మాటలు. ఆ కాగితాన్ని మంచం తల వైపు గోడకు అంటించింది. అమ్మను మావుసీ (పిన్నీ) అని పిలిచేది, అమ్మ ఆమెను మా చెల్లెలి పేరుతో పిలిచేది. అన్నం ముద్ద కుడి బుగ్గ వైపు పెడితేనే అమ్మకు పొలమారదని మొదట కనిపెట్టినది కూడా ఆ అమ్మాయే. అయిదు నెలలు పనిచేసి, పన్నెండు గంటల డ్యూటీకి ఇక్కడ ఇచ్చే తొమ్మిది వేల కన్నా ఎక్కువ ఇస్తామన్నారని భువనేశ్వర్ వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. పద్నాలుగు నెలల్లో మా అమ్మకు పదకొండు మంది ఆయాలు మారారు, ప్రతి కొత్త మనిషీ ఆ కుడి బుగ్గ సంగతి మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

చట్టం ఏమంటుందని వెతికాను. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది పేద వృద్ధులు ఉండగల గృహాన్ని ఏర్పాటు చేయవచ్చని రాష్ట్ర ప్రభుత్వాలకు చెబుతుంది. డబ్బు తీసుకొని నడిపే ప్రైవేటు గృహంలో ఎంతమందికి ఒక నర్సు ఉండాలో మాత్రం ఆ చట్టంలో లేదు. ఇలాంటి గృహాలకు నమోదు, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేసే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది కాని, ఆ సభ కాలం ముగియడంతో మురిగిపోయింది. 70 ఏళ్లు దాటినవారందరికీ 2024లో వర్తింపజేసిన ఆయుష్మాన్ భారత్ ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు పనికివస్తుంది కాని, నెలనెలా కట్టే ఈ ఫీజుకు పనికిరాదు.

అమెరికాలో 2024లో కేంద్ర ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. గృహంలో ఉన్న ఒక్కొక్క వృద్ధునికి రోజుకు సగటున కనీసం 3.48 గంటల సంరక్షణ అందాలి, అందులో రిజిస్టర్డ్ నర్సు వంతు కనీసం 0.55 గంట, సహాయకుల వంతు కనీసం 2.45 గంటలు ఉండాలి, ఇరవై నాలుగు గంటలూ ఒక రిజిస్టర్డ్ నర్సు భవనంలో ఉండాలి. పల్లెల్లో నర్సులు దొరకరని గృహాల యజమానులు కోర్టుకు వెళ్లారు, 2025లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టివేసింది. నిబంధన అక్కడే నిలవలేదు కాని, కొలబద్ద బాగుందనిపించి మా గృహాన్ని దానితో కొలిచాను. పగలు ముగ్గురు, రాత్రి ఇద్దరు ఆయాలు పన్నెండేసి గంటలు, నర్సు ఎనిమిది గంటలు, అన్నీ కలిపి 68 గంటలు. 27 మందికి పంచితే మనిషికి సుమారు రెండున్నర గంటలు. నర్సు వంతు పద్దెనిమిది నిమిషాలు, అక్కడ అడిగినది ముప్పై మూడు. పైగా మన ఆయాలు ఆ గంటల్లోనే గదులు తుడవాలి, బట్టలు ఉతకాలి, కంచాలు కడగాలి.

ఏప్రిల్‌లో ఆరు కుటుంబాలవాళ్లం కలిసి ఈ లెక్కను కాగితం మీద పెట్టి మేనేజరుకు ఇచ్చాము. ఆయన వాదించలేదు, అది ఆయన మంచితనం. మే నుంచి రాత్రి మూడో ఆయా వచ్చింది. భోజనం ఏడున్నరకు జరిపారు, తొమ్మిదిన్నరకు అందరికీ పాలు ఇస్తున్నారు. రిజిస్టరులో పక్క మార్చినవారే, మార్చిన వెంటనే, సంతకం చేయాలన్నారు. ఆ తరువాత అమ్మకు పుండు రాలేదు. దానితోపాటు ఫీజు నెలకు 1,500 రూపాయలు పెంచారు. 27 మందికి అది 40,500 అవుతుంది, ఒక ఆయా జీతం తొమ్మిది వేలు, అంటే తలకు 333 రూపాయలు. మిగతా సొమ్ముతో రాత్రి నర్సును పెడతారని ఎదురుచూశాము. గేటు దగ్గర కొత్త ఆర్చి కట్టారు.

నా మార్కులు అయిదుకు మూడు. శుభ్రతకు, దాపరికం లేని బిల్లులకు, మాట వినే గుణానికి అవి ఇస్తున్నాను. అమ్మను అక్కడి నుంచి మార్చే ఆలోచన ప్రస్తుతానికి లేదు, ఎందుకంటే నేను చూసిన మరో రెండు చోట్ల రాత్రి ఎంతమంది ఉంటారంటే సూటిగా చెప్పలేకపోయారు. చేర్చదలచినవారు పగటిపూట కాక, చెప్పకుండా రాత్రి పది తరువాత వెళ్లి చూడండి. ఆయాల పేర్లు అడిగి, మళ్లీ రెండు నెలల తరువాత వారిలో ఎందరు మిగిలారో చూడండి. జనరేటరు ఉందా అని కాక, ఏ ప్లగ్గులకు పనిచేస్తుందో అడగండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఊరు రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి ఇక్కడివారికి గుర్తే. ఎయిర్ బెడ్ మోటారుకు కరెంటు లేకపోతే మెల్లగా గాలి దిగి పరుపు చతికిలపడి మనిషి ఇనుప పలక మీద పడుకున్నట్టే అవుతుంది. మా గృహంలో జనరేటరు ఆఫీసు గదికి, కింది అంతస్తు ఫ్యాన్లకు మాత్రమే కలిపి ఉంది, అమ్మ ఉన్నది పై అంతస్తులో. తీగ వేయిస్తామని జూన్‌లో చెప్పారు. తుఫానుల నెల వచ్చేసింది, తీగ ఇంకా పడలేదు.