ఐడీ కార్డే ఏటీఎం కార్డు: నాలుగేళ్లు వాడాక

వైజాగ్‌లో ఒక యూనివర్సిటీ, దాని ఆవరణలోనే ఉన్న బ్యాంకు బ్రాంచి కలిసి ఇచ్చే కార్డు ఇది. మెడలో వేసుకుంటే ఐడీ, మెషీన్లో పెడితే డబ్బు. నాలుగేళ్ల వాడకంలో తేలిందేమిటంటే, ఐడీగా దీనికి పెద్దగా వంక పెట్టలేం. డబ్బు కార్డుగా మాత్రం నిద్రపుచ్చి ఉంచాల్సిందే.

ముందు కార్డు సంగతి. బంగారు రంగు చిప్పు బ్యాంకుది. లైబ్రరీలో స్కాన్ చేసేది వెనకున్న బార్‌కోడ్‌ని. హాస్టల్ గేటు దగ్గర తాకిస్తే పలికేది మాత్రం పైకి కనపడదు. అది ప్లాస్టిక్ పొరల మధ్య, అంచుల వెంబడి చుట్టిన సన్నటి తీగ. ట్యాగు తగిలించడానికి జిరాక్సు షాపులో కన్నం పొడిపిస్తే తెగేది ఆ తీగే. ఏటీఎంలో కార్డు చక్కగా పనిచేస్తుంటుంది, గేటు మాత్రం తెరుచుకోదు. లామినేషన్ ఇంకా చేటు. కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. పైన ఇంకో పొర వేయిస్తే ఏటీఎం మింగి కూర్చుంటుంది. గట్టి ప్లాస్టిక్ హోల్డరు కొనుక్కోండి. ఇనుప క్లిప్పున్నది వద్దు, మన బీచ్ గాలికి ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టి ఊడిపోతుంది. సిటీ బస్సు తోపులాటలో కార్డు జారిపోయేది అలాగే.

అసలు లోపం డిజైన్‌లో ఉంది. ఫొటో, రోల్ నంబరు ఉన్న వైపే 16 అంకెల కార్డు నంబరు, గడువు తేదీ కూడా అచ్చేశారు. ఫేర్‌వెల్ రోజు ఆర్కే బీచ్‌లో దిగిన ఫొటోని కాస్త జూమ్ చేసి చూడండి, అన్నీ చదవొచ్చు. యూపీఐ పిన్ కొత్తగా పెట్టడానికి కార్డు పద్ధతిలో ముఖ్యంగా అడిగేవి చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ. మొదటి రెండూ మెడలోనే వేలాడుతున్నాయి. ఇక మోసగాడికి మిగిలింది మీ సిమ్మో, ఓటీపీయో చేజిక్కించుకోవడమే. హోల్డర్లో ఆ అంకెలు కప్పేలా కాగితం ముక్క దూర్చండి. కార్డు మీదుండే మూడంకెల రహస్య నంబరు, అంటే సీవీవీ, గుర్తుపెట్టుకుని దాని మీద స్టిక్కరు వేయండి.

ఆ తర్వాత బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు తెరిచి ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు, ట్యాప్ (మెషీన్‌కి తాకించి చెల్లించడం) మూడూ ఆపేయండి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డుకి మొదట దేశంలోని ఏటీఎం, స్వైపింగ్ మెషీన్ వాడకమే ఉండాలి. కానీ ఫారం నింపేటప్పుడు అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టించేస్తారు, చదివి సంతకం పెట్టండి. ట్యాప్ తెరిచి ఉంటే 5,000 రూపాయల దాకా పిన్ అడగదు.

కార్డు పోతే రెండు ఆఫీసులు, రెండు దరఖాస్తులు. బ్యాంకులో బ్లాక్ చేయించినంత మాత్రాన లైబ్రరీకి తెలియదు, అక్కడ విడిగా రాసివ్వాలి. కార్డు బ్లాకైనా యూపీఐ ఆగదు, ఫోను కూడా పోయుంటే అదీ, సిమ్మూ ఆపించాలి. కొత్త కార్డు మూడు నాలుగు వారాలకు గానీ రాదు. ఈలోగా పరీక్షలుంటే డిపార్ట్‌మెంట్ నుంచి ఫొటో అంటించిన లెటరు తీసుకోండి.

ఇక మోసాలు. క్లాస్ వాట్సాప్ గ్రూపులో కేవైసీ పేరుతో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించేది) వస్తే తెరవకండి, అది ఫోనుకొచ్చే మెసేజ్‌లు చదివి ఓటీపీలు దాటించేస్తుంది. స్కాలర్‌షిప్ వచ్చింది, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నా అంతే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. బ్యాంకు సైటు చిరునామా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగుస్తోందో లేదో చూడండి. పార్ట్‌టైమ్ జాబ్‌కి ఐడీ ఫొటో పంపాల్సివస్తే దాని మీద అడ్డంగా తేదీ, ఎందుకు ఇస్తున్నారో రాసి పంపండి.

వీటన్నిటికంటే ప్రమాదం అకౌంటు అద్దెకివ్వడం. ‘రెండు వారాలు నీ అకౌంటు ఇవ్వరా, ఐదు వేలిస్తాం’ అని సీనియరే అడుగుతాడు. అందులో పడేది ఎవరో పోగొట్టుకున్న సొమ్ము. ఏ రాష్ట్రం పోలీసో లేఖ రాస్తే ఖాతా ఫ్రీజవుతుంది, కేసులో ఉండేది మీ పేరే. సిరిపురంలో ఏటీఎం బయట ‘తమ్ముడూ, నీకు ఫోన్‌పే చేస్తా, క్యాష్ ఇవ్వవా’ అనే అపరిచితుడితోనూ ఇదే తంటా. వచ్చింది దొంగ సొమ్మైతే హోల్డ్ పడేది మీ ఖాతా మీద.

డబ్బు పోయిందా, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల గుర్తింపు నంబరు (యూటీఆర్), సమయం, మొత్తం దగ్గర పెట్టుకోండి. సొమ్ము ఖాతాలు మారకముందే పట్టుకోవాలి కాబట్టి మొదటి గంటే కీలకం. తర్వాత బ్రాంచిలో రాసిచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. 2017 జూలైలో ఆర్‌బీఐ తెచ్చిన నిబంధన ప్రకారం మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని అనధికార లావాదేవీని మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీది కాదు. ఓటీపీ మీరే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకి తెలిపేదాకా పోయింది మీదే.

ఖాతా విషయంలో ఒక్క జాగ్రత్త. ఒక ఆధార్‌కి నేరుగా పడే ప్రభుత్వ డబ్బు ఒకే ఖాతాకి వెళ్తుంది. క్యాంపస్ ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ సీడింగ్‌కి, అంటే ఆ డబ్బు కోసం ఈ ఖాతాని ఆధార్‌కి జోడించడానికి, ఒప్పుకుంటే పాత ఖాతాకి వచ్చేవన్నీ ఇటు మళ్లుతాయి. మైఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసుకోండి. కోర్సయ్యాక ఇది మామూలు సేవింగ్స్‌గా మారి మినిమమ్ బ్యాలెన్స్ అడగొచ్చు. టీసీ కోసం వెళ్లిన రోజే బ్రాంచిలో మూసేయమనో, మినిమమ్ బ్యాలెన్స్ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమనో రాసిచ్చి రండి.